నలభై ఒకటిన్నర ఎలుకలు

ఫిలింనగర్ రోడ్డెక్కి జూబ్లీహిల్స్ వైపు తిరిగేచోట ఇప్పుడు తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్లు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నాయి చూడండి, అక్కడ ఒక గుట్ట ఉండేది. ఈ మాట ఎవరికి చెప్పినా "ఓహో" అని ఊరుకుంటారు. ఓహో ఏమిటి నా మొహం! గుట్టంటే మట్టిదిబ్బ కాదు. ఏనుగంతేసి బండలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో మనిషి దూరేంత సందులు, ఆ సందుల్లో సీతాఫలం చెట్లు. కొసన కూర్చుంటే ఇటు స్టూడియోల రేకుల షెడ్లు, అటు దుర్గం చెరువు దాకా బండలే బండలు కనబడేవి. నా ఇరవై మూడో ఏడు ఆ గుట్ట మీదే గడిచింది. అంత మంచి ఏడు నాకు మళ్ళీ రాలేదు.

అది తొంభై తొమ్మిది. అమీర్‌పేటలో గోడ కనబడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడే రోజులు. నాతో ఎమ్మెస్సీ జువాలజీ చదివినవాళ్ళంతా కప్పల్నీ బొద్దింకల్నీ గాలికొదిలేసి జావా నేర్చుకోవడానికి పరిగెత్తారు. నేను మాత్రం పరిశోధన అంటూ కూర్చున్నాను. మాది ఎర్రగడ్డ. మా అమ్మ శకుంతలమ్మ అన్నం పెట్టినప్పుడల్లా ఒకటే సతాయింపు.

"అందరి పిల్లలు కంప్యూటర్లు నేర్సుకుంటుంటే నువ్వు ఎలుకలు పట్టవడితివి. ఎవరన్న అడిగితే ఏమని చెప్పాలె?"

"ఎలుకలు పడతదని చెప్పు."

నాకప్పట్లో నోరెక్కువ. ఇప్పుడూ తక్కువేం కాదు.

మా గైడు అచ్యుతరామయ్య గారిది గుంటూరు. శ్రీనగర్ కాలనీలో కాపురం. ఆయన ఒకరోజు నన్ను ఇంటికి పిలిపించి విషయం చెప్పారు. ఆ గుట్టను పేల్చి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఫ్లాట్లు కట్టాలని స్థలం యజమాని పూనుకున్నాడు. చుట్టుపక్కల కొందరు అడ్డం పడ్డారు. గొడవ తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది.

"వాళ్ళకు లెక్క కావాలటమ్మా. గుట్ట మీద బండెలుకలు వంద దాటి ఉంటే దాని జోలికి పోవద్దని రాస్తామంటున్నారు. నువ్వు లెక్క తియ్యి. నీ పరిశోధనకూ పనికొస్తుంది."

బండెలుక అంటే మన ఇళ్ళలో తిరిగే దొంగమొహంది కాదు. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, ఒంటికంటే పొడుగు తోక, పెద్ద పెద్ద చెవులు. బండల సందుల్లో తప్ప ఎక్కడా బతకదు. దాన్ని మొదటిసారి అరచేతిలో పట్టుకున్నప్పుడు గుండె కొట్టుకోవడం నా వేళ్ళకు తెలిసింది. ఆ రోజే ఈ గుట్టను పోనివ్వకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను.

నా దగ్గర నలభై డబ్బాలుండేవి. మడిస్తే పలచగా పుస్తకంలా అయిపోయే రేకు డబ్బాలు. ఎలుక లోపలికి పోయి తొక్కుడు పలక మీద కాలు పెడితే మూత పడిపోతుంది, దానికి దెబ్బ తగలదు. వాటిని గుట్ట మీద, గుట్ట వాలులోని పొదల్లో, కింద పాత సినిమా సెట్టింగులు పడేసిన దొడ్లో, మూడుచోట్లా పెట్టాలి. పొదల్లో సులువు. పదేసి అడుగుల దూరంలో వరసలు వరసలుగా పెట్టుకుంటూ పోవడమే. దొడ్లో మాత్రం గోడ వెంటే పెట్టాలి. ఇంటి ఎలుకకు మీసం గోడకు తగలనిదే అడుగు పడదు. గుట్ట మీద వరసా లేదు, గోడా లేదు. సందు ఎటు తిరిగితే అటే మనమూ తిరగాలి. చోటును బట్టి పద్ధతి మారినా, డబ్బాలెన్ని, ఎన్ని రోజులు అన్నది మాత్రం మూడుచోట్లా ఒకటే ఉండాలి. లేకపోతే ఒకదానితో ఒకటి పోల్చడానికి ఉండదు.

ఆ బండలెక్కి దిగడానికి నాకు తోడు కావాలి. దొరికిన తోడు వెంకటనర్సయ్య. యాభై ఐదేళ్ళుంటాయి, సన్నటి మనిషి, తలకు తువ్వాల. ఆ సెట్టింగుల దొడ్డికి కాపలాదారు, గుట్ట కిందే రేకుల గదిలో ఉండేవాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు సినిమాల్లో జనాన్ని తెచ్చే పని చేశాడు. ఊరేగింపు సీనుకు రెండు వందల మంది కావాలంటే తెల్లారేసరికి రెండు వందల మందినీ వరసలో నిలబెట్టేవాడట. నేను కాకా అని పిలిచేదాన్ని. ఆయన బిడ్డా అనేవాడు.

డబ్బాల్లోకి ఎర నేను పుస్తకం చూసి తయారుచేశాను. పల్లీలు, బెల్లం కలిపి దంచిన ముద్ద. కాకా ఒక్కసారి వాసన చూసి పక్కన పెట్టాడు.

"గిది పండుగకు చేసుకునేది బిడ్డా. ఎలుకకు గిది కాదు." రోడ్డు మీది బండివాడి దగ్గర మిగిలిన మిరపకాయ బజ్జీల చూర తెచ్చి అందులో కలిపాడు. మర్నాడు పన్నెండు డబ్బాల మూతలు పడ్డాయి. నా పుస్తకం అక్కడే ఓడిపోయింది.

ఎండెక్కితే రేకు డబ్బా పెనంలా కాలుతుంది, లోపలి ప్రాణి చచ్చిపోతుంది. అందుకని కాకా తెల్లవారగానే ఎక్కి, ఎండ తగిలే డబ్బాలను నీడలోకి జరిపేవాడు. నేను ఎర్రగడ్డ నుంచి రెండు బస్సులు మారి ఏడింటికి చేరేదాన్ని. ఇద్దరం బండ మీద కూర్చుని ఒక్కో ఎలుకనూ గుడ్డసంచిలోకి దించి, తూకం వేసి, తోక కొలిచి రాసుకుని, గుర్తుగా వీపు మీద కాస్త బొచ్చు కత్తిరించి, పట్టిన చోటే వదిలేసేవాళ్ళం. తర్వాత కింద బండి దగ్గర ఇడ్లీ. షూటింగు బస్సుల కోసం చూస్తూ జరీ పంచెల్లో, జిగేలు కిరీటాల్లో జనం మా పక్కనే నిలబడి తినేవారు. కాకాను చూసి సగంమంది దండం పెట్టేవారు. ఒకసారి భటుల వేషంలో ఉన్న పదిమంది మా సంచి చుట్టూ మూగి ఎలుకను చూసి కెవ్వుమని వెనక్కి దూకారు. కాకా పొట్ట పట్టుకుని నవ్వాడు. "గీళ్ళనే పెట్టి కోట గెలిచినం" అన్నాడు. అంత హాయిగా నేను మళ్ళీ ఏ ఉద్యోగంలోనూ నవ్వలేదు.

లెక్క పద్ధతి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పెళ్ళికి ఎంతమంది వచ్చారో తెలియదనుకోండి. మొదటి పంక్తిలో తిన్న ఇరవై నాలుగు మందికి చేతి మీద గంధం రాశారు. వాళ్ళు మళ్ళీ జనంలో కలిసిపోయారు. కాసేపాగి పందిట్లో చేతికందిన వాళ్ళను పిలిచి చూశారు. అందులో సగం మందికి గంధం ఉంటే, పెళ్ళికొచ్చింది సుమారు యాభై మందే. పదిమందిలో ఒక్కరికే ఉంటే రెండు వందలు దాటి వచ్చినట్టు. అంతే. గుర్తున్నవి తక్కువ దొరికితే మంద పెద్దది, ఎక్కువ దొరికితే చిన్నది.

ఇంత సులువుగా మీకు చెప్పానే, ఆ మాట ఆనాడు కాకాకు చెప్పాలని నాకు తోచలేదు. డబ్బాలు మోసే మనిషికి లెక్కలెందుకు అనుకున్నాను. నిజం అదే, దాచి లాభం లేదు.

గుట్ట మీద మొదటి చుట్టు ఐదు పొద్దులు. ఇరవై నాలుగు బండెలుకలకు గుర్తు పెట్టాం. పది రోజులాగి రెండో చుట్టు మొదలుపెట్టాం. తొలిరోజు ఐదు పడ్డాయి, వాటిలో రెండింటికి వీపు మీద కత్తిరింపు. ఆ రోజు బస్సులో నా కాలు ఎవరో తొక్కారు, మొదలే చిరాగ్గా ఉన్నాను. వంద దాటాలన్న ఆత్రం ఒకటి.

"మళ్ళీ ఇవేనా కాకా? వచ్చినవే వస్తే ఎట్ల? మనకు కొత్తయి కావాలె" అన్నాను విసుగ్గా.

కాకా తలాడించాడు.

ఆ మర్నాటి నుంచి గుర్తున్న ఎలుక ఒక్కటంటే ఒక్కటి నా కంటపడలేదు. నాలుగు రోజుల్లో ఎనిమిది కొత్తవి. నా ఆనందం ఏం చెప్పను! ఐదు రోజులకు కలిపి పదమూడు దొరికితే గుర్తున్నవి రెండే. లెక్క కడితే నూట యాభై ఆరు వచ్చింది. సార్ కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు.

"గుట్ట బతికిపోయిందమ్మాయ్" అన్నారు.

అదే రోజు కమిటీ పెద్దకు ఫోన్ చేసి చెప్పేశారు కూడా. ఆ సాయంత్రం నేను కాకాకు మిఠాయి డబ్బా పట్టుకెళ్ళాను. ఇద్దరం గుట్ట కొసన కూర్చుని మొత్తం తినేశాం.

మరి రెండు వారాలకు సెట్టింగుల దొడ్లో రెండో చుట్టు నడుస్తోంది. మా అన్న రఘునందన్ అప్పుడే మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు వాడికి పొద్దున్నే మీటింగు పడి, వెళ్తూ వెళ్తూ నన్ను స్కూటర్ మీద దింపేశాడు. ఆరు కూడా కాలేదు. ప్లాస్టర్ సింహాసనం పక్కన కాకా గొంతుక్కూర్చుని ఉన్నాడు. డబ్బా మూత కొంచెం తీసి లోపలికి తొంగిచూశాడు.

"నీదయిపోయింది గదరా. పో, పో" అని దాన్ని వంచి ఎలుకను వదిలేశాడు.



"కాకా! ఏం జేస్తున్నవ్?"

"ఇది పాతది బిడ్డా. గుర్తున్నది."

"పాతవి వదిలేస్తున్నవా? ఎప్పటి సంది?"

"నువ్వే అంటివి గద, కొత్తయి కావాలె అని. గా దినం సంది." మొహంలో కాస్త గర్వం కూడా ఉంది. "నాకు గీ పని కొత్త కాదు. ఒకటే ముఖం రెండుసార్లు కెమెరాకు పడ్డదనుకో, డైరెక్టరు అందరి ముందల తిట్టేటోడు. రిపీట్ ముఖం కనవడకుండ ఏరి పక్కకు పంపుడే ఇరవై రెండేండ్లు చేసిన. నువ్వు వచ్చేసరికి రిపీట్లన్ని తీసేసి, కొత్తయే ఉంచుతున్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. గుట్ట లెక్క, సార్ చేసిన ఫోను, తిన్న మిఠాయి అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"చదువు లేనోళ్ళకు పని చెప్తే గిట్లనే ఉంటది! మొత్తం నాశనం చేసినవ్!"

దొడ్డంతా వినబడేలా అరిచాను. కాకా లేచి నిలబడ్డాడు. తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. మా నాన్న వయసు మనిషి. తప్పు ఎవరిదో అరుస్తున్నప్పుడే నాకు తెలుసు. అయినా నోరు ఆగలేదు.

కాసేపటికి ఆయనే నెమ్మదిగా అడిగాడు. "ఏం తప్పాయె? జర సమజయ్యేటట్టు చెప్పు."

అప్పుడు చెప్పాను, పెళ్ళి పంక్తి కథ. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కాకా మొత్తం విని సింహాసనం మెట్టు మీద కూలబడ్డాడు.

"అయ్యో! అయితే రిపీట్లే ముఖ్యం."

"అవును."

"గుట్ట మీద నేను ఇడిసిపెట్టినయి పదమూడు. రాసుకో."

"నీకెట్ల యాదుంటది కాకా?"

"ముఖాలు యాదుంచుకునుడే గద నా బతుకు." వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు. "రెండో దినం మూడు. తోక సగం తెగింది ఒకటి, ఎడమ చెవి కొరికింది ఒకటి, కడుపుతోటున్నది ఒకటి. మూడో దినం నాలుగు. నామాల బండ కాడ ముసలిది, మీసాలు తెల్లగయినది..."

ఆగకుండా పదమూడూ చెప్పాడు. ఏ సందులో, ఏ పొద్దున, ఏ గుర్తుతో. నా నోటుబుక్కుతో సరిపోల్చుకున్నాను. మొదటి చుట్టులో నేను రాసిపెట్టిన గుర్తులూ, తోక పొడవులూ ఆయన చెప్పినవాటితో ఒక్కటీ తేడా రాలేదు. రెండుసార్లు దొరికినదాన్ని ఒక్కసారే లెక్కపెట్టాడు కూడా.

అక్కడే కూర్చుని మళ్ళీ లెక్క కట్టాను. దొరికినవి ఇరవై ఆరు, గుర్తున్నవి పదిహేను. వచ్చిన సంఖ్య నలభై ఒకటిన్నర. ఎలుకల్లో సగం ఉండదు కాబట్టి నలభై రెండు.

వందకు సగం కూడా కాదు.

ఎల్లుండే కమిటీ. మళ్ళీ డబ్బాలు పెట్టి రెండు చుట్లు తిరగడానికి వ్యవధి లేదు. ఆ సాయంత్రం శ్రీనగర్ కాలనీ వెళ్ళి సార్‌కు అంతా చెప్పాను. ఆయన నా నోటుబుక్కు అడిగి తీసుకుని తిరగేశారు.

"చూడమ్మా, మన నోటుబుక్కులో ఏముందో అదే లెక్క. కాపలావాడి నోటిమాట ఎక్కడా లెక్కలోకి రాదు. నూట యాభై ఆరు ఇచ్చినా మనల్ని ఎవరూ తప్పు పట్టరు. గుట్ట ఉంటుంది. మంచికే కదా?"

"మరి అది నిజం కాదు కదా సార్?"

"నాకూ తెలుసండీ ఆ సంగతి!" అన్నారు కోపంగా. ఆయనకు కోపమొస్తే నన్ను కూడా అండీ అనేవారు. తర్వాత గొంతు తగ్గించారు. "రెండు కాగితాలూ టైపు చేయించు. నువ్వు దేని మీద సంతకం పెడితే అది తీసుకెళ్తాను. గుట్ట మీద తిరిగింది నువ్వు."

రెండు కాగితాలూ ముందు పెట్టుకుని ఇంట్లో ఒక పగలంతా కూర్చున్నాను. గుట్ట నాకు కావాలి. కావాలంటే చేయవలసింది చాలా చిన్న పని. కాకా చెప్పిన పదమూడు ఎలుకలూ లేవనుకోవాలి. తోక తెగినదీ, చెవి కొరికినదీ, కడుపుతో ఉన్నదీ, మీసాలు నెరిసినదీ, అన్నీ ఆ మనిషి కల్పించుకున్నవి అనుకోవాలి. చదువు లేనివాడి మాట కనుక లెక్క లేదు అని కాగితం మీద రాసినట్టే అది. నోటితో ఒకసారి అనేశాను. సంతకం పెట్టి మళ్ళీ అనలేకపోయాను. నలభై రెండు మీద సంతకం పెట్టాను. పెట్టాక స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పుకుని ఏడ్చాను.

నలభై రెండే అయితే పట్టి వేరేచోట వదిలేయొచ్చు కదా అంది కమిటీ. ఒక్క ఎలుక కూడా మిగలలేదని తేలాకే గుట్టను పేల్చాలని రాసింది. ఎలుకలు పట్టిపెట్టమని యజమాని తరఫు మేనేజరు వరప్రసాద్ నేరుగా కాకా దగ్గరికే వెళ్ళాడు. కాకా నా కోసం బస్సు స్టాపు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"నేను కాదంటే ఇంకెవలనో పిలుస్తడు. వాళ్ళొచ్చి మందు పెడ్తరు. నేనైతే పాణంతోటి పట్టుకపోత. ఏమంటవ్ బిడ్డా?"

నా నలభై డబ్బాలూ ఇచ్చేశాను. వికారాబాద్ దారిలో బండలున్న చోటొకటి వెతికి, రోజూ దొరికినవాటిని అక్కడికి జీపులో పంపేవాళ్ళు. నేను గుట్ట వైపు పోలేదు. ఆ దారిలో వెళ్ళే బస్సు కూడా ఎక్కలేదు.

నెల తర్వాత, డబ్బాలు తీసుకుపొమ్మని కబురొస్తే వెళ్ళక తప్పింది కాదు. కాకా డబ్బాలన్నీ కడిగి, మడిచి, కట్టలు కట్టి గది ముందు పెట్టాడు. సీతాఫలం చెట్లు అప్పటికే కొట్టేశారు. బండల మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి.

"పది దినాలాయె, ఒక్క డబ్బ మూత పడలే. గుట్ట ఖాళీ బిడ్డా" అన్నాడు.

"మొత్తం ఎన్ని కాకా?"

"నలభై మూడు."

నేను చప్పట్లు కొట్టాను. నిజంగా, చిన్నపిల్లలా ఎగిరి చప్పట్లు కొట్టాను. మీకెలా చెప్పను? మా పనిలో ఉన్నవాళ్ళం జన్మంతా అంచనాలే కడతాం. అసలు సంఖ్య ఎవరికీ తెలియదు. ఒక గుట్ట మీద ప్రాణుల్ని చివరిదాకా పట్టి చూసేదెవరు? నాకు తెలిసింది. నలభై రెండన్నాను, నలభై మూడున్నాయి.

"ఒక్కటే తేడా కాకా! ఒక్కటే! నీ పదమూడు లేకపోతే..."

గుట్ట మీద డ్రిల్లింగ్ మిషన్ మొదలైంది. నా చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి. అక్కడే డబ్బాల కట్ట మీద కూర్చుండిపోయాను.

"ఆ దినం నిన్ను గట్ల అనకుండ ఉండాల్సింది" అన్నాను చివరికి. "తప్పంతా నాదే కాకా."

ఆయన నా పక్కన కూర్చున్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే మనం మస్తు కరెక్టు చెప్పినమన్నట్టు."

"అవును."

మిషన్ చప్పుడు ఆగేదాకా ఆగి, గుట్ట వైపు చూస్తూ అన్నాడు.

"జర తప్పు చెప్పినా మంచిగుంటుండె గద బిడ్డా."